ఎడంకాలి లోవ

ఆదివారం మూడింటికి ఐసు ఫ్యాక్టరీ సైరన్ మోగితే
యానాంలో మా ఈడు వాళ్ల కాళ్లు
ఇప్పటికీ మెట్టకూరు గ్రౌండు వైపే తిరుగుతాయి.
ఏం ఉందని అక్కడ?
నాలుగు సరుగుడు కర్రలు,
గోలుకి కట్టిన పాత చేపల వల.
వానపడితే సగం గ్రౌండు గౌతమిది.
ఫస్టు హాఫు మనుషులతో ఆడేవారు,
సెకండు హాఫు బురదతో.
బురద అందర్నీ కాలు పట్టుకుని లాగేది,
లోవరాజు వస్తే మాత్రం
దారిచ్చేది.

సంగాడి లోవరాజు.
పొద్దున్న ఐసు దిమ్మలు మోసేవాడు,
సాయంత్రం మమ్మల్ని మోసేవాడు.
కుడికాలు వాడికి నిలబడ్డానికే ఇచ్చాడు దేవుడు.
ఎడంకాలు సంగతి వేరు.
దాంతో బంతిని తన్నేవాడు కాదు,
పిలిచేవాడు.
ఓసారి వాడు ముగ్గుర్ని దాటుతుంటే చూస్తూ
వేరుశనక్కాయల వీర్రాజు
సోలెడు కాయలు పొట్లంలో అనుకుని
తన కాళ్ల మీదే పోసుకున్నాడు.

పోర్టు వాళ్ల మీద కొట్టిన గోలు గురించి
ముప్ఫయ్యేళ్లయినా మాకు రాజీ కుదరలేదు.
సగం గ్రౌండు నుంచి అంటాడు పేరయ్య.
కాదు, కార్నరు జెండా దగ్గర్నుంచి అంటాడు బాబ్జీ.
ఆ రోజు బాబ్జీ ఊళ్లోనే లేడు.
వల చిరిగి బంతి కాలవలో పడింది,
అదొక్కటీ నిజం,
ఎందుకంటే దూకిన కుర్రాణ్ణి నేను.
బంతి చేతికిస్తే
"ముందు తల తుడుచుకోరా, జలుబు చేస్తది" అన్నాడు.

ఫైనల్ నాడు వాడి కళ్లు పచ్చగా ఉన్నాయి.
చూశాం.
చూడలేదని ఎవరైనా అంటే నమ్మకండి.
"నిద్దర్లేదెహె" అన్నాడు, ఒప్పేసుకున్నాం.
ఒప్పుకోవడం మాకు లాభం కదా.
హాఫ్‌టైములో తాడిచెట్టు చాటుకెళ్లి కక్కుకున్నాడు,
మొహం కడుక్కుని వస్తే
చప్పట్లు కొట్టాం.
రెండు గోల్సు కొట్టాడు.
"ఇంకోటి లోవా, ఇంకోటి!"
నాది పన్నెండేళ్ల గొంతు,
అందరికంటే సన్నంగా, అందరికంటే పైకి.
ఇంకోటి కొట్టాడు.

నేలఉసిరి పసరు పోశారు.
చేతి మీద వాత పెట్టారు.
పన్నెండో రోజు కాకినాడ పెద్దాసుపత్రి నుంచి
తాళ్లరేవు మీదుగా వ్యాను వచ్చింది.
ఇరవై మూడు నిండలేదు.
ఆ 'ఇంకోటి' నా గొంతులోంచి ఇంకా పోలేదు,
కొన్ని రాత్రులు దగ్గుతో పాటు పైకొస్తుంది.

చేపల బజార్లో వాళ్లమ్మ కాసులమ్మ
కొడుకాట ఒక్కటీ చూడలేదు.
ఆదివారాలు బేరం బావుండే రోజులు మరి.
డెబ్బయ్యో పడిలో ఇప్పుడడుగుతుంది,
పండుగప్ప పొలుసు గీకుతూ, తలెత్తకుండా,
"ఎలాగాడేవోడ్రా మావోడు?"

నోటితో చెప్పడం మాకు చాతకాదు.
పేరయ్య లుంగీ ఎగ్గట్టాడు, పొట్టతో సహా.
ఎవరో తాగి పారేసిన బొండాం ముందు పెట్టుకున్నాడు.
"ఇదిగో, ఇలా కుడికి ఒంగేవోడమ్మా,
అందరూ కుడికే పడిపోయేవోళ్లు,
అప్పుడు ఎడంకాలు..."
అని లేపీ లేపకముందే
చేపనీళ్లలో జారి వెల్లకిలా పడ్డాడు.

బజారంతా నవ్వింది.
కాసులమ్మ కూడా,
కత్తిపీట పక్కకి జరిపి, కొంగు నోటికడ్డం పెట్టుకుని,
నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని,
"అలా పడేవోడా?" అంది.

లేదమ్మా.
ఒక్కసారి కూడా.

"అయితే సరిగ్గా చూపించండ్రా."

బొండాం అప్పటికే దొర్లుకుంటూ పోయి
మురుక్కాలవలో తేలుతోంది.
ఎవరూ ఏమీ అనలేదు గానీ
అందరూ నావైపు చూశారు.
చెప్పులు విప్పి
మళ్లీ నేనే దిగాను.